రోటరీ ఇంజను అపెక్స్ సీళ్లు: పోత ఇనుమా, ఉక్కా, సిరామిక్కా?

చక్రగతి (ప్రశ్న)

నమస్కారం. టర్బో ఉన్న, రెండు రోటర్ల మాజ్డా 13బి ఇంజను ఒకదాన్ని పూర్తిగా విప్పి మళ్లీ కూర్చే పనిలో ఉన్నాను. వెనక రోటరులో ఒక అపెక్స్ సీలు (మూడు మూలల రోటరు కొనన గాడిలో కూర్చుని, హౌసింగు గోడకు ఆనుతూ ఒక గదిలోని వాయువులు మరో గదిలోకి కారకుండా ఆపే పట్టీ) విరిగింది. విరిగిన ముక్క హౌసింగు లోపలి క్రోమ్ పూతను లోతుగా గీరి, ఎగ్జాస్ట్ రంధ్రం గుండా బయటపడి, టర్బైను రెక్కల అంచులను కూడా కొట్టేసింది. కాబట్టి వెనక హౌసింగునూ ఆ రోటరునూ మార్చక తప్పదు. ముందు హౌసింగు మాత్రం వేలితో తడిమితే నున్నగానే తగులుతోంది. ఎగ్జాస్ట్ రంధ్రం అంచున కొద్దిగా వన్నె తగ్గడం తప్ప వేరే లోపమేదీ కంటికి కనబడలేదు.

ఇప్పుడు సీళ్ల విషయంలో నా ముందు మూడు దారులున్నాయి. మొదటిది, ఇంజనుతో వచ్చిన రకమైన 2 మి.మీ. మందపు పోత ఇనుప సీళ్లనే మళ్లీ వేయడం. రెండవది, వంగుతాయే తప్ప విరగవని చెప్పే మిశ్రమ ఉక్కు సీళ్లు. మూడవది సిలికాన్ నైట్రైడ్ సిరామిక్ సీళ్లు. ఎంత గట్టి పదార్థమైతే అంత తక్కువగా అరుగుతుంది కాబట్టి సిరామిక్కే మేలని నేను మొదట అనుకున్నాను. కానీ చదివినకొద్దీ ఒకరు చెప్పినది మరొకరు కాదంటున్నారు. రోటరు గాడిని కోసి 3 మి.మీ. సీళ్లు వేయించుకోమన్నవారూ ఉన్నారు.

ఇంజను వేగం 7,500 ఆర్‌పీఎం దాటించే ఉద్దేశం లేదు. టర్బో ఒత్తిడి 1 బార్ లోపే ఉంచుతాను. ఏది కొనాలో చెప్పడం కంటే, దేనిని బట్టి ఎంచుకోవాలో వివరిస్తే నాకు ఎక్కువ ఉపయోగం. పిస్టను రింగుల పని బాగా తెలుసు గానీ, అపెక్స్ సీలు మీద పడే భారం ఎలాంటిదో నాకు ఇంకా పూర్తిగా అర్థం కాలేదు.

గణితాభిమాని

చక్రగతి గారూ, మీ చివరి వాక్యంతోనే మొదలుపెడతాను. ఎందుకంటే భారం ఎలాంటిదో తెలియనిదే పదార్థం గురించి మాట్లాడటం గాలిలో మేడ కట్టడమే అవుతుంది.

13బి ఇంజనులో ఎక్సెంట్రిసిటీ (షాఫ్టు కేంద్రానికీ రోటరు కేంద్రానికీ మధ్య దూరం) 15 మి.మీ., రోటరు కేంద్రం నుండి కొన వరకు దూరం 105 మి.మీ., రోటరు వెడల్పు 80 మి.మీ. షాఫ్టు మూడు చుట్లు తిరిగితే రోటరు ఒక చుట్టు తిరుగుతుంది. షాఫ్టు 7,500 ఆర్‌పీఎం మీద ఉన్నప్పుడు రోటరు 2,500 ఆర్‌పీఎంతో తిరుగుతుందన్నమాట. ఈ కొలతలతో లెక్క వేస్తే, హౌసింగు పొడవాటి చివరల దగ్గర సీలు సెకనుకు సుమారు 39 మీటర్ల వేగంతో జారుతుంది. నడుము దగ్గర, అంటే హౌసింగు లోపలికి నొక్కినట్టు ఉండే చోట, ఆ వేగం సుమారు 16 మీటర్లకు పడిపోతుంది. 86 మి.మీ. స్ట్రోకు ఉన్న పిస్టను ఇంజనులో ఇదే 7,500 ఆర్‌పీఎం దగ్గర రింగు సగటు వేగం 21.5 మీటర్లు. అయితే అసలు తేడా వేగంలో లేదు. పిస్టను రింగు ప్రతి స్ట్రోకు చివరా ఒక్క క్షణం ఆగి వెనక్కి మళ్లుతుంది. అపెక్స్ సీలు ఎన్నడూ ఆగదు, ఎన్నడూ వెనక్కి మళ్లదు. దాని జారుడు ఎప్పుడూ ఒకే దిక్కుకు సాగుతుంది.

రెండో తేడా వాలు. రింగు సిలిండరు గోడకు ఎప్పుడూ ఒకే తీరుగా ఆనుతుంది. అపెక్స్ సీలు మాత్రం గోడకు లంబంగా ఉన్న స్థితి నుండి అటూ ఇటూ దాదాపు 25 డిగ్రీల వరకు వాలుతూ పోతుంది. ఈ కోణం సైను విలువ ఎక్సెంట్రిసిటీకి మూడు రెట్లను 105తో భాగించగా వచ్చేది; కొలతలు మారనంత వరకు పదార్థం ఏదైనా అది మారదు. అందుకే సీలు తలను గుండ్రంగా చేస్తారు. గోడకు తగిలేది ఆ గుండ్రటి తల మీద ఒక సన్నని గీత మాత్రమే. రోటరు తిరుగుతున్నకొద్దీ ఆ గీత తల మీద ఒక అంచు నుండి మరో అంచుకు ప్రయాణిస్తూ ఉంటుంది. గీతంత సన్నని తాకిడి కాబట్టి దాని మీద పడే ఒత్తిడి తీవ్రత కూడా చాలా ఎక్కువ.

మూడోది జడత్వం. దీన్ని చాలామంది పట్టించుకోరు గానీ, పదార్థం సాంద్రత లెక్కలోకి వచ్చేది ఇక్కడే. సీలు 80 మి.మీ. పొడవు, 2 మి.మీ. మందం, 8 మి.మీ. ఎత్తు అనుకుంటే పోత ఇనుముతో సుమారు 9 గ్రాములు, సిలికాన్ నైట్రైడ్‌తో సుమారు 4 గ్రాములు తూగుతుంది. 7,500 ఆర్‌పీఎం దగ్గర హౌసింగు పొడవాటి చివరల్లో ఇనుప సీలు తన జడత్వం వల్లనే సుమారు 150 న్యూటన్ల బలంతో, అంటే 15 కిలోల బరువు మోపినంతగా, గోడను నొక్కుతుంది. అదే సిరామిక్ సీలు నొక్కేది 67 న్యూటన్లే. నడుము దగ్గర ఈ బలం దిక్కు తిరగబడుతుంది. అక్కడ రోటరు తిరుగుడులో సుమారు 39 డిగ్రీల మేర, జడత్వం సీలును గోడ నుండి లోపలికి లాగుతుంది. ఇనుప సీలుకు ఆ లాగుడు గరిష్ఠంగా 19 న్యూటన్ల దాకా ఉంటుంది. స్పార్క్ ప్లగ్గులున్న వైపు నడుములో దహన వాయువుల ఒత్తిడి సీలు కిందికి చేరి దాన్ని గోడకు తిరిగి అదుముతుంది కాబట్టి అంత ప్రమాదం లేదు. ఇంటేక్, ఎగ్జాస్ట్ ఉన్న వైపు నడుములో అంత వాయు ఒత్తిడి ఉండదు; అక్కడ సీలును నిలబెట్టవలసింది ప్రధానంగా దాని కింద ఉన్న స్ప్రింగే.

వేగం రెట్టింపైతే ఈ బలాలు నాలుగు రెట్లవుతాయి. సిరామిక్ సీళ్లకు ఉన్న నిజమైన ఆకర్షణ, నా దృష్టిలో, వాటి గట్టిదనం కంటే ఈ తేలికదనమే. కానీ మీరు 7,500 దాటనంటున్నారు గనుక ఆ లాభం మీకు కొంతవరకే అందుతుంది. మీరడిగిన 3 మి.మీ. సీలు సంగతి కూడా ఇందులోనే తేలుతుంది: మందం ఒకటిన్నర రెట్లయితే వంపును తట్టుకునే బలం మందం వర్గాన్ని బట్టి 2.25 రెట్లవుతుంది, బరువు మాత్రం 1.5 రెట్లే పెరుగుతుంది. బలం పరంగా అది లాభసాటి బేరమే. కానీ ఆ అదనపు బరువు మోపే భారమంతా గోడ మీదే పడుతుంది.

లోహవిద్య

గణితాభిమాని గారు భారాన్ని స్పష్టంగా చెప్పారు. నేను ఆ భారాన్ని మోసే జంట గురించి చెబుతాను. జంట అన్న మాటను కావాలనే వాడుతున్నాను, ఎందుకంటే సీలు పదార్థాన్ని ఒంటరిగా ఎంచుకోవడం అన్నది ఈ ఇంజను చరిత్రలో ఏనాడూ కుదరలేదు. సీలును మార్చిన ప్రతిసారీ గోడ పూతను, గోడ పూతను మార్చిన ప్రతిసారీ సీలును మళ్లీ పరీక్షించవలసి వచ్చింది.

1960ల మొదట్లో మాజ్డాలో కెనిచి యమమోతో నాయకత్వంలో 47 మంది ఇంజనీర్ల బృందం ఎదుర్కొన్న మొదటి పెద్ద సమస్య అరుగుదల కాదు, అదురు. సీలు తన సహజ పౌనఃపున్యంలో కంపిస్తూ క్రోమ్ గోడ మీద దగ్గర దగ్గరగా అడ్డగీతలు వేసేది. వాళ్లు వాటిని దయ్యపు గోళ్ల గీతలని పిలిచేవారు. సీలు లోపల తలకు దగ్గరగా నిలువుగానూ అడ్డంగానూ రంధ్రాలు తొలిచి దాని పౌనఃపున్యాన్ని మార్చినప్పుడు ఆ గీతలు మాయమయ్యాయి. అంటే అక్కడ పదార్థం అదే ఇనుము. మారినది కంపించే తీరు. చివరికి 1967లో అమ్మకానికి వచ్చిన కాస్మో స్పోర్ట్ కారులో వాళ్లు వాడినది రంధ్రాల ఇనుప సీలు కాదు, కార్బన్ రంధ్రాలలోకి అల్యూమినియంను ఎక్కించి చేసిన మిశ్రమం. కార్బన్ తేలిక, తనకు తానే కందెనగా పనిచేస్తుంది, గట్టి క్రోమ్ పూతతో చక్కగా పొసగుతుంది. దాని బలహీనత బలమే. అందుకే ఆ సీళ్లను 6 మి.మీ. మందంతో చేయవలసి వచ్చింది.

అదే 1967లో వచ్చిన జర్మన్ కారు ఎన్‌ఎస్‌యు ఆర్ఓ80 కథ మరోలా నడిచింది. దాని తొలి ఇంజన్లలో సీలును మూడు ముక్కలుగా, మూడూ ఒకే పదార్థంతో చేశారు. చల్లగా ఉన్న ఇంజనును నడిపించేటప్పుడు మధ్య ముక్క మిగతా రెంటి కంటే ముందుగా అరిగి, పక్క ముక్కలు వదులై, దహన వాయువులు ఆ సందులలోంచి కారిపోయేవి. తరవాత మధ్య ముక్కను ఉక్కులో టైటానియం కార్బైడ్ రేణువులు పొదిగిన ఫెర్రోటిక్ అనే పదార్థంతో చేసినప్పుడు ఆ సమస్య చాలామటుకు తీరింది. గమనించండి: మొత్తం సీలు పదార్థాన్ని మార్చలేదు, ఎక్కువ అరిగే భాగానిది మాత్రమే మార్చారు. గోడ పూతగా నికెల్‌లో సిలికాన్ కార్బైడ్ రేణువులుండే నికాసిల్ కూడా రోటరీ ఇంజను అవసరం కోసం పుట్టినదే. తరవాత అది పిస్టను ఇంజన్ల సిలిండర్లలో ఎక్కువ పేరు తెచ్చుకుంది.

మీ ఇంజనుతో వచ్చిన సీలు విషయానికి వస్తే, అది మామూలు పోత ఇనుము కాదు. 1970ల మధ్య నుండి మాజ్డా సీలు తలను ఎలక్ట్రాన్ పుంజంతో క్షణకాలం కరిగించి, మిగతా చల్లటి లోహమే ఆ వేడిని లాక్కునేలా చేసింది. అలా చటుక్కున చల్లారిన పైపొర తెల్ల పోత ఇనుముగా, చాలా గట్టిగా మారుతుంది. లోపలి భాగం మాత్రం గ్రాఫైట్‌తో కూడిన మామూలు పోత ఇనుముగానే ఉండి, గాడిలో కదిలేటప్పుడు గాడి గోడలను తినకుండా కాపాడుతుంది. ఒకే ముక్కకు రెండు చోట్ల రెండు గుణాలు ఇచ్చిన ఈ పని నాకు ఎప్పుడూ గొప్పగా అనిపిస్తుంది. సీలుకు ఉన్న ఒరిపిడి ఒక్క హౌసింగుతోనే కాదు, గాడితో కూడా అని మరచిపోయేవాళ్లు చాలామంది. రెండు పక్కల గదుల్లో ఒత్తిడి తారుమారైన ప్రతిసారీ సీలు గాడిలో ఒక గోడను వదిలి మరో గోడకు కొట్టుకుంటుంది. ఒళ్లంతా ఒకే గట్టిదనం ఉన్న సీలు వేస్తే తల అరగకపోవచ్చు గానీ గాడి వెడల్పవుతుంది. హౌసింగు మార్చడం కంటే రోటరు మార్చడం సులభమేమీ కాదు.

ఇక గట్టిదనం గురించి. గట్టి క్రోమ్ పూత సుమారు 800 నుండి 1,000 వికర్స్ (గట్టిదనపు కొలమానం) ఉంటుంది. సిలికాన్ నైట్రైడ్ 1,500 దగ్గర ఉంటుంది. అంటే సిరామిక్ సీలు క్రోమ్ గోడ కంటే స్పష్టంగా గట్టిది. దాని తలకు అద్దంలాంటి నునుపు ఉన్నంత వరకు అది గోడకు హాని చేయకుండా జారుతుంది. నునుపు లేకపోయినా, అంచు చిన్న పెచ్చు లేచినా, అరిగేది సీలు కాదు, మీ క్రోమ్. సిరామిక్ సీళ్లతో 1991లో లె మాన్స్ 24 గంటల పందెం గెలిచిన మాజ్డా 787బి కారును అందరూ ఉదాహరణగా చెబుతారు. అది నిజమే, కానీ ఆ నాలుగు రోటర్ల ఆర్26బి ఇంజను గోడల మీద ఉన్నది మామూలు క్రోమ్ కాదు, ఉష్ణ ప్రక్షేపణతో వేసిన క్రోమియం కార్బైడ్ సెర్మెట్ (సిరామిక్, లోహం కలిసిన) పూత. పైగా అది టర్బో లేని ఇంజను. మనం ఆ జంటలోంచి ఒక్కరినే తెచ్చుకుని అదే ఫలితం ఆశించకూడదు.

పాత_గ్యారేజి

పైన ఇద్దరూ చెప్పిన దానికి నేను చేతిపనిలో చూసినది జోడిస్తాను. రోటరీ ఇంజన్లు విప్పి కూర్చడం నాకు చాలా ఏళ్ల అలవాటు.

చక్రగతి గారూ, ముందుగా మీ సీలు ఎందుకు విరిగిందో తేల్చండి. టర్బో రోటరీలో సీలు తనంత తాను అలసి విరగడం అరుదు. నేను చూసిన వాటిలో ఎక్కువ భాగం నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి ఒక్కసారిగా పేలినట్టు మండటం) వల్ల విరిగినవే. ఇంధనం పలచబడటం, స్పార్క్ ముందుకు జరగడం, లోపలికి వచ్చే గాలి వేడెక్కడం, వీటిలో ఏదో ఒకటి ఉంటుంది. ఆ కారణం అలాగే ఉండగా మీరు ఏ పదార్థం వేసినా, అది విరగడానికి బదులు మరోలా పాడవుతుంది, అంతే. వెనక రోటరు ఇంజెక్టరును పరీక్ష చేయించి, అది పోసే ఇంధనాన్ని ముందు దానితో పోల్చి చూడమని నా గట్టి సలహా. ఒక ఇంజనులో ఇదే పని చేయకుండా తొందరపడి కొత్త సీళ్లు వేసి నడిపించాను. రెండు వారాలు తిరగకముందే అదే రోటరు, అదే మూల మళ్లీ విరిగింది. తరవాత చూస్తే ఆ ఇంజెక్టరు జల్లెడ సగానికి పైగా పూడుకుపోయి ఉంది. ఆ తప్పు పూర్తిగా నాది. అప్పటి నుండి ఇంజెక్టర్లను చూడకుండా ఏ ఇంజనునూ మూయలేదు.

నాకింగ్ వచ్చినప్పుడు మూడు పదార్థాలూ మూడు రకాలుగా ఓడిపోతాయి. పోత ఇనుము పగులుతుంది. సాధారణంగా చివర దగ్గరో మధ్యలోనో ముక్క ఊడి, మీకు జరిగినట్టే హౌసింగునూ టర్బైనునూ పట్టుకుపోతుంది. సిరామిక్ కూడా పగులుతుంది, కానీ దాని ముక్కలు పదునైనవి, గట్టివి; అవి చేసే గాయం ఇనుప ముక్కలది కంటే లోతుగా ఉంటుంది. మిశ్రమ ఉక్కు సీలు వంగుతుంది. ఆ గదిలో కంప్రెషన్ పడిపోతుంది, ఇంజను స్టార్టు కావడం కష్టమవుతుంది, విప్పి చూస్తే సీలు విల్లులా వంగి ఉంటుంది, కానీ హౌసింగు చాలాసార్లు బతికి బయటపడుతుంది. నేను టర్బో ఇంజన్లకు ఉక్కు వైపు మొగ్గడానికి కారణం ఇదొక్కటే. అది ఎక్కువ కాలం మన్నుతుందని కాదు, పాడైనప్పుడు తనతో పాటు మిగతావాటిని తీసుకుపోదని.

ఉక్కుకు ఉన్న దోషాలను దాచను. చాలా ఉక్కు సీళ్లలో గ్రాఫైట్ ఉండదు కాబట్టి ఆయిల్ పలచబడిన క్షణంలో పోత ఇనుము నిలదొక్కుకున్నట్టు అవి నిలదొక్కుకోలేవు. కొన్ని రకాలు మెత్తగా ఉండి తామే త్వరగా అరుగుతాయి, కొన్ని మరీ గట్టిగా ఉండి క్రోమ్ మీద గీతలు వేస్తాయి. ఉక్కు సీలు అన్న ఒక్క పేరుతో ఎన్నో వేరు వేరు మిశ్రమాలు అమ్ముడవుతున్నాయి; ఏ మిశ్రమమో, ఎంత గట్టిదనమో, ఏ పూత మీద పరీక్షించారో చెప్పలేనివారి దగ్గర కొనకండి. కొత్తగా వేసిన ఉక్కు సీలు తన తలను గోడకు సరిపోయేలా చేసుకోవడానికి ఎక్కువ సమయం పడుతుంది; మొదట్లో కంప్రెషన్ తక్కువ చూపిస్తే కంగారు పడనక్కరలేదు, కానీ ఆ కాలంలో టర్బో ఒత్తిడి మీద ఆశ పెట్టుకోకూడదు.

చక్రగతి

ముగ్గురికీ కృతజ్ఞతలు. గట్టిదనమే కొలత అన్న నా భావన తప్పని ఇప్పుడు తెలిసింది. పాత_గ్యారేజి గారు చెప్పినట్టు వెనక ఇంజెక్టరును పరీక్ష చేయించాను. ముందు దానితో పోలిస్తే అది నిజంగానే తక్కువ పోస్తోంది. మూలం దొరికిందనే అనుకుంటున్నాను.

ఇంకా రెండు సందేహాలున్నాయి. మొదటిది, తాపంతో వ్యాకోచించడంలో ఈ పదార్థాల మధ్య తేడా సీలు పొడవు మీద ఎంత ప్రభావం చూపుతుంది? రెండవది, 3 మి.మీ. సీలు బలమైనదని లెక్క చెబుతున్నప్పుడు, ఇంజను తయారీదారు 1980లలో 3 నుండి 2 మి.మీ.కు ఎందుకు తగ్గారు, ఇప్పుడు కొత్త ఇంజనులో మళ్లీ 2.5కు ఎందుకు పెంచారు?

గణితాభిమాని

మొదటి సందేహానికి లెక్క చెబుతాను. హౌసింగు అల్యూమినియంది, డిగ్రీకి సుమారు పది లక్షలలో 22 వంతుల చొప్పున వ్యాకోచిస్తుంది. పోత ఇనుముకు ఆ సంఖ్య 10.5 దగ్గర, సిలికాన్ నైట్రైడ్‌కు 3 దగ్గర ఉంటుంది. 80 మి.మీ. వెడల్పుకు 150 డిగ్రీలు వేడెక్కితే హౌసింగు 0.26 మి.మీ. పెరుగుతుంది, ఇనుప సీలు 0.13, సిరామిక్ సీలు 0.04 మాత్రమే. అంటే చల్లగా ఉన్నప్పుడు సరిగ్గా అమరిన సీలు చివర, వేడెక్కాక ఇనుముకు అదనంగా 0.13 మి.మీ., సిరామిక్‌కు 0.22 మి.మీ. సందు తెరుచుకుంటుంది. నిజానికి సీలు, హౌసింగు ఒకే ఉష్ణోగ్రతలో ఉండవు, సీలే ఎక్కువ వేడిగా ఉంటుంది కాబట్టి తేడా కొంత తగ్గుతుంది. అయినా సిరామిక్ విషయంలో సందు ఇనుము కంటే పెద్దదిగానే మిగులుతుంది. సీలును ఏటవాలుగా కోసి రెండు ముక్కలు చేయడంలో ఉద్దేశం ఇదే. కింది స్ప్రింగు నెట్టినప్పుడు చిన్న మూల ముక్క పక్కకు జారి ఆ సందును పూడుస్తుంది. ఒకే ముక్కగా ఉన్న సీలు కొనవద్దు, అది ఏ పదార్థమైనా సరే.

రెండో సందేహంలో సగం జవాబు జడత్వంలోనే ఉంది. ఎక్కువ వేగంతో తిరిగే ఇంజనుకు సన్నని, తేలికైన సీలు గోడను తక్కువగా నొక్కుతుంది, ఒరిపిడి తగ్గుతుంది, వంపు తిరిగిన గోడకు సులభంగా ఒదుగుతుంది. 2023లో మాజ్డా ఎంఎక్స్-30 కారులో వచ్చిన 830 సీసీ ఒంటి రోటరు 8సి ఇంజను పని వేరు. అది చక్రాలను తిప్పదు, విద్యుత్తు జనరేటరును తిప్పుతుంది, 5,000 ఆర్‌పీఎం లోపే ఉంటుంది. దాని రోటరు కేంద్రం నుండి కొన వరకు దూరం 120 మి.మీ., ఎక్సెంట్రిసిటీ 17.5 మి.మీ. వాటితో 4,700 ఆర్‌పీఎం దగ్గర లెక్క వేస్తే, సీలు గరిష్ఠ వేగం సెకనుకు 28 మీటర్లు. గ్రాము బరువుకు పడే గరిష్ఠ జడత్వ బలం మీ ఇంజనులో 7,500 దగ్గర పడే దానిలో సగం కూడా లేదు. అలాంటప్పుడు బరువు పెంచే వెసులుబాటు ఉంది, దాన్ని అరుగుదలను తట్టుకోవడానికి వాడుకున్నారు.

లోహవిద్య

దానికి ఒక్క మాట కలుపుతాను. ఆ 8సి ఇంజనులో పక్క హౌసింగులను కూడా అల్యూమినియంతో చేసి, ఒరిపిడి పడే ముఖాల మీద సెర్మెట్ పూత వేశారు. సీలు మందంతో పాటు గోడను కూడా మార్చారన్నమాట. మళ్లీ జంట సంగతే.

ఇంకో దిక్కున ఆలోచించినవాళ్లూ ఉన్నారు. లిక్విడ్‌పిస్టన్ సంస్థ ఎక్స్ ఇంజనులో ఈ అమరికనే తలకిందులు చేసి, కొన సీళ్లను రోటరులో కాకుండా కదలని హౌసింగులో పెట్టారు. సీలు కదలదు కాబట్టి జడత్వపు బలాలు లేవు, ఆయిల్‌ను నేరుగా దాని దగ్గరకే అందించవచ్చు. మీ పనికి ఇది ఉపయోగపడదు, కానీ పైన చెప్పిన కష్టాల్లో ఎన్ని పదార్థానివి, ఎన్ని అమరికవి అన్నది దీన్ని చూస్తే బాగా తెలుస్తుంది.

పాత_గ్యారేజి

ఇంజెక్టరు దొరికినందుకు సంతోషం. ఇక కూర్చే ముందు చేయవలసినవి చెబుతాను.

ముందు హౌసింగును వేలితో తడిమి సరేనన్నారు, అది చాలదు. వెలుతురును ఏటవాలుగా పడనిచ్చి, నడుము దగ్గర, ఎగ్జాస్ట్ రంధ్రం అంచున, ఇంకా రెండు పక్కల అంచుల వెంట క్రోమ్ పెచ్చులు లేచిందేమో చూడండి. గోరు తట్టుకునే అంచు ఒక్కటి ఉన్నా, అది కొత్త సీలుకు ఆకురాయిలాగా పనిచేస్తుంది. అలాంటి హౌసింగు మీద ఏ పదార్థం మంచిదని అడిగితే, మంచిదేదీ లేదన్నదే నా సమాధానం. పెచ్చులేమీ లేవని తేలితే పరవాలేదు.

తరవాత గాడి. కొత్త సీలును గాడిలో నిలబెట్టి పక్క సందును ఫీలర్ గేజితో మూడు చోట్ల కొలవండి. 0.05 నుండి 0.10 మి.మీ. మధ్య ఉంటే మంచిది, 0.15 దాటితే సీలు గాడిలో తలాడిస్తుంది, ఆ రోటరును పక్కన పెట్టవలసిందే. 3 మి.మీ.కు గాడి కోయించడం నిజంగా పనికొచ్చేది ఇక్కడే: 2 మి.మీ. గాడి అరిగిపోయిన మంచి రోటరును మళ్లీ వాడుకోవడానికి. మీ గాడులు బాగుంటే కోయవద్దు. కోత ఏమాత్రం వాలుగా పడినా ఇక సరిచేయడానికి లోహం మిగలదు.

ఆయిల్ సంగతి ఇంకా ఎవరూ వివరించలేదు. గోడ మీద సీలుకు అందే కందెన, మీటరింగ్ పంపు కొలిచి పోసే ఆ కొద్దిపాటి ఆయిలే. అది పని పూర్తయ్యాక ఇంధనంతో పాటు కాలిపోతుంది. ఇంజను ఆయిల్ కాలితే బూడిద మిగులుతుంది, ఆ బూడిద గాడిలో చేరి సీలును బిగించేస్తుంది. అందుకే చాలామంది పెట్రోలులోనే, బూడిద తక్కువగా మిగిల్చే టూ స్ట్రోక్ ఆయిల్‌ను 100 నుండి 200 పాళ్లకు ఒక పాలు చొప్పున కలుపుతారు. ఉక్కు సీళ్లు వేస్తే నేను దాన్ని ఐచ్ఛికం అనుకోను. సిరామిక్‌కు ఆయిల్ అక్కరలేదన్న మాట కూడా నమ్మవద్దు.

హౌసింగుల మధ్య శీతలద్రవాన్ని ఆపే రబ్బరు సీళ్లను కూడా ఇప్పుడే మార్చండి. రబ్బరులో కూడా ఎంపిక ఉంది: ఈపీడీఎం వేడి నీటికీ గ్లైకాల్‌కూ బాగా నిలుస్తుంది గానీ ఆయిల్ తగిలితే ఉబ్బి పాడవుతుంది, కాబట్టి ఆయిల్ దారికి దగ్గరలో పనికిరాదు. సిలికోన్ వేడిని తట్టుకుంటుంది, తేలికగా చిరుగుతుంది. కూర్చేటప్పుడు గాడిలోంచి బయటికి జారి నలగకుండా జాగ్రత్త పడాలి.

చక్రగతి

మీరు చెప్పినట్టు ఏటవాలు వెలుతురులో చూశాను. ముందు హౌసింగులో ఎగ్జాస్ట్ రంధ్రం పక్క అంచున రెండు మిల్లీమీటర్ల పొడవున క్రోమ్ లేచి ఉంది, గోరు తట్టుకుంటోంది. ముందుసారి వేలితో తడిమినప్పుడు ఆ అంచు వరకు పోనేలేదు. కాబట్టి రెండు హౌసింగులూ మారుస్తున్నాను. ముందు రోటరు గాడులు మూడూ 0.08 లోపే ఉన్నాయి, వాటిని కోయించడం లేదు. రెండు ముక్కల 2 మి.మీ. మిశ్రమ ఉక్కు సీళ్లనే, క్రోమ్ మీద పరీక్షించినవని, గట్టిదనం ఎంతో రాతపూర్వకంగా చెప్పగలిగినవారి దగ్గర తీసుకుంటాను. కొత్త ఇంజెక్టర్లు రెండూ ఒకే కొలతకు సరిచూసినవి వచ్చాకే కూర్చడం మొదలుపెడతాను. మొదటి కంప్రెషన్ అంకెలను ఇక్కడే రాస్తాను.